వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి తెలుగు అక్షరాలు: ఒక బీసీఐ కేస్ స్టడీ

రోగి వయసు యాభై దాటింది. ఆర్టీసీ డిపోలో క్లర్కుగా చేశారు. మొదట మాట ముద్దముద్దగా రావడం మొదలైంది, తర్వాత మింగడం కష్టమైంది, ఆ తర్వాత చేతులు, కాళ్లు. నేను మొదటిసారి చూసేనాటికి గొంతుకు ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం చేసే రంధ్రం), పొట్టకు ఫీడింగ్ ట్యూబు, మంచం పక్కన వెంటిలేటర్. జబ్బు పేరు ఏఎల్‌ఎస్. కండరాలను కదిలించే నరకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. వినికిడి, స్పర్శ మాత్రం అలాగే ఉంటాయి. వరంగల్‌లో సొంత ఇల్లు, భార్య, చిన్నకోడలు చూసుకుంటారు. పెద్దబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నేను స్పీచ్ థెరపిస్టుని. మాట పోయినవాళ్లకు మరో దారి వెతకడం నా పని. అలాంటి దారుల్లో ఒకటి బీసీఐ, అంటే మెదడు సంకేతాలను కంప్యూటరుతో చదివే పద్ధతి. ఈ కేసు రాయడానికి ఆయన అనుమతి ఎలా తీసుకున్నానో తర్వాత చెబుతాను. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

నన్ను పిలిపించింది పెద్దబ్బాయి. 2024 మార్చిలో, మెదడులో పెట్టే చిప్ తయారుచేస్తున్న అమెరికా కంపెనీ న్యూరాలింక్ ఒక వీడియో పెట్టింది. ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని భుజాల కింద ఏదీ కదలని నోలాండ్ ఆర్బా అనే యువకుడు అందులో చెస్ ఆడుతుంటాడు. చేతిని కదపాలనుకుంటే చాలు, కర్సర్ కదులుతుంది. అది చూసిన రాత్రే అతను నాకు వీడియో కాల్ చేశాడు.

"మేడం, నాన్నకి కూడా ఆ చిప్ పెట్టించలేమా? ఖర్చు సంగతి నేను చూసుకుంటాను."

ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్ల నుంచి వస్తోంది. నేను ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ పరికరంలో వెంట్రుక కంటే సన్నటి 64 దారాలు, వాటి మీద మెదడు సంకేతాలను అందుకునే 1,024 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. పుర్రెకు రంధ్రం చేసి మెదడులోకి గుచ్చాలి. ఆర్బాకు పెట్టిన దారాల్లో కొన్ని కొద్ది వారాల్లోనే వెనక్కి జారాయి. సాఫ్ట్‌వేర్ మార్చి సర్దుకున్నారు. అది ఇంకా ట్రయల్‌లో ఉంది, డబ్బు కట్టి పెట్టించుకునేది కాదు.

ఆగస్టులో అతనే ఇంకో లింకు పంపాడు. కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ డాక్టర్లు కేసీ హారెల్ అనే ఏఎల్‌ఎస్ రోగి మెదడులో 256 ఎలక్ట్రోడ్లు పెట్టారు. ఆయన మాట్లాడడానికి ప్రయత్నిస్తుంటే, ఆ ప్రయత్నాన్నే చదివి వాక్యాలుగా తెర మీద చూపించారు. 1,25,000 పదాల నిఘంటువుతో, 97 శాతం దాకా సరిగ్గా. అది చదివి నాకూ ఒళ్లు పులకరించింది. జబ్బు ఒకటే కదా, అందుకే ఆ కుటుంబానికి ఆశ ఇంకా పెరిగింది. కానీ ఆ యంత్రం నేర్చుకున్నది ఇంగ్లిష్ ధ్వనులు, ఇంగ్లిష్ వాక్యాల అల్లిక. తెలుగులో ఒక్క క్రియకే ఎన్ని రూపాలో మనకు తెలుసు. వచ్చాను, వచ్చేశాడు, వస్తుందేమో, రాకపోతే... మనకు అది కావాలంటే మొదటి నుంచి కట్టుకు రావాలి. కట్టాలనే నా కోరిక కూడా. అయితే ఈ రోగికి కావాల్సింది ఈ వారం, ఈ మంచం మీద.

అందుకే ఆ ఇంట్లో నేను మొదట అడిగింది చిప్ గురించి కాదు. "ఆయన అవును అన్నారని మీకెలా తెలుస్తుంది?" అని అడిగాను. భార్య, "కళ్లు మూస్తారు" అన్నారు. కోడలు, "మావయ్యగారు నా వైపు చూస్తారు" అంది. రాత్రి డ్యూటీ నర్సు కనుబొమ లేస్తుందని చెప్పింది. ఒకే మనిషికి ముగ్గురు మూడు రకాల అవును పెట్టుకున్నారు. కాదు అనేదానికైతే ఎవరి దగ్గరా గుర్తే లేదు. ఏమీ చేయకపోతే కాదనుకుంటున్నారు.

అవును, కాదు

ఏమీ చేయకపోవడాన్ని జవాబుగా తీసుకోకూడదు. నిద్రలో ఉన్నా, ప్రశ్న వినపడకపోయినా, గొంతులో కఫం అడ్డుపడి దాని మీదే ధ్యాస ఉన్నా మనిషి ఏమీ చేయడు. కాబట్టి కాదు అనడానికి కూడా ఒక కచ్చితమైన పని ఉండాలి. ఆయన కళ్లు ఎటెటు ఎంత కదులుతున్నాయో చూసి, పైకి చూస్తే అవును, కిటికీ వైపు చూస్తే కాదు అని ఖాయం చేశాం. రెప్ప వేయడాన్ని వద్దన్నాను. రెప్ప దానంతట అదే పడుతుంది.

తర్వాత, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు అడిగాం. మీ సొంతూరు ఇదేనా? మీకు ఇద్దరు కూతుళ్లా? మీరు డిపోలో డ్రైవరుగా చేశారా? వీటిలో సగానికి జవాబు కాదు అని రావాలి, లేకపోతే అన్నిటికీ పైకి చూసేవాళ్లను పట్టుకోలేం. ఏఎల్‌ఎస్‌లో కొందరికి ఆలోచన, ఏకాగ్రత కూడా కొంత దెబ్బతింటాయి గనక ఈ పరీక్ష తప్పదు. ఆయన తడబడలేదు. "డ్రైవరుగా చేశారా" అన్నప్పుడు కిటికీ వైపు చూసిన చూపులో కాస్త కోపం కూడా కనపడిందని కోడలు అంది. రెండు గుర్తులనూ పెద్ద అక్షరాలతో రాసి మంచం పైన గోడకు అంటించాం. వచ్చే నర్సు, ఫిజియో, చుట్టాలు అందరూ అదే పాటించాలి.

తలకు ఎలక్ట్రోడ్లు ఆనించి మెదడు తరంగాలను చదివే టోపీ తెచ్చేముందు ఇంత శ్రమ ఎందుకని తోటి థెరపిస్టులే అడుగుతుంటారు. టోపీ ఒక అక్షరం చూపిస్తే అది ఆయన అనుకున్న అక్షరమేనా అని ఎవరిని అడగాలి? ఆయన్నే అడగాలి. ఆ జవాబు రావడానికి నమ్మకమైన దారి ఒకటి ముందే ఉండాలి.

దాని తర్వాత అక్షరాల అట్ట. ఇక్కడ తెలుగు మనకు చేసే మేలు చాలా పెద్దది. మన వర్ణమాల పుట్టుకతోనే అడ్డం, నిలువు వరసల్లో ఉంది. భార్య "క, చ, ట, త, ప, య" అని మెల్లగా చదువుతారు. త దగ్గర ఆయన పైకి చూస్తారు. "త, థ, ద, ధ, న" అని చదువుతారు. న దగ్గర మళ్లీ పైకి. తర్వాత గుణింతం. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వరసే గనక ఇద్దరికీ కొత్తగా నేర్చుకోవాల్సింది లేకపోయింది. ఎక్కువగా వాడే అక్షరాలను ముందుకు తెస్తే వేగం పెరుగుతుందని చాలా భాషల్లో అలా మారుస్తారు. నేను మార్చలేదు. నోటికి వచ్చిన వరస చెడగొడితే పోయే సమయమే ఎక్కువని నా అభిప్రాయం.

చూపు అలిసే వేళ

అట్టతో పాటు ఐ ట్రాకర్ కూడా పెట్టి చూశాం. కంటిపాప మీద పడే ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును కెమెరా చూసి, మనిషి తెర మీద ఎక్కడ చూస్తున్నాడో లెక్కగడుతుంది. కళ్లు బాగా కదిలేవాళ్లకు దీన్ని మించింది లేదు, మెదడు టోపీలు మామూలుగా దీని వేగాన్ని అందుకోలేవు. పొద్దున పూట ఆయనకు బాగానే పనిచేసింది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడితే గురి తప్పేది. సాయంత్రానికి రెప్పలు వాలిపోయి కంటిపాప సగం కప్పుకుపోయేది. రాత్రి కళ్లు ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ రాశాక ఇక కెమెరాకు ఏమీ అందదు.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ కేసు నాకు ఇక్కడే గుర్తుకొచ్చింది. 2015లో ఒక ఏఎల్‌ఎస్ రోగికి మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు అమర్చారు. చేతిని కదిపే ప్రయత్నం చేస్తే అది మౌస్ క్లిక్కులా పనిచేసేది. వేగం నిమిషానికి రెండక్షరాలు. ఆమె దగ్గర ఐ ట్రాకర్ కూడా ఉంది. ఇంట్లో దాన్ని వాడుతూ, వెలుతురు వల్ల అది పనిచేయని చోట, ఆరుబయటకు వెళ్లినప్పుడు మెదడు పరికరాన్ని వాడేది. ఇంట్లో ఏళ్ల తరబడి అలా నడిచింది. బీసీఐ మీద నేను చదివినవాటిలో నా పనికి ఎక్కువగా ఉపయోగపడింది ఇదే. నిమిషానికి ఇన్ని పదాలనే రికార్డుల కంటే, ఏ వేళకు ఏ సాధనం అనే ప్రశ్న ముఖ్యమని ఆ కేసు చెబుతుంది. మా రోగికి ఆ వేళ సాయంత్రం ఆరు తర్వాత.

టోపీ తెప్పించడానికి ఇంకో కారణం ఆయనే చెప్పారు. అట్టతో సగం మాట రాగానే భార్య మిగతాది ఊహించి పూర్తి చేసేవారు. ఎక్కువసార్లు సరిగ్గానే ఊహించేవారు కూడా. ఒకరోజు ఆయన అక్షరం అక్షరంగా "నన్ను చెప్పనివ్వు" అని రాయించారు. ఆమె కాసేపు ఏమీ అనలేదు, తర్వాత నాతో, "ఆ మిషనేదో తెప్పించండి మేడం" అన్నారు.

టోపీ

తలపై నుంచే మెదడు తరంగాలు రికార్డు చేయొచ్చని హాన్స్ బెర్గర్ జర్మనీలోని యెనాలో 1920ల్లోనే చూపించాడు. బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ అనే పేరు పెట్టింది లాస్ ఏంజెలెస్‌లో జాక్ విడాల్, 1973లో. మేం వాడిన పద్ధతి 1988లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఫార్వెల్, డాంచిన్ చేసినది. తెర మీద ఆరు అడ్డం, ఆరు నిలువు వరసల్లో అక్షరాలు ఉంటాయి. వరసలు ఒకదాని తర్వాత ఒకటి మెరుస్తాయి. మనిషి తనకు కావాల్సిన అక్షరం మెరిసినప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకుంటాడు. తాను ఎదురుచూస్తున్నది మెరిసిన దాదాపు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడులో ఒక చిన్న అల లేస్తుంది. దాని పేరు పీ300. ఇంట్లోవాళ్లకు ఇలా చెప్పాను: బస్టాండులో మైకులో వరసగా ఊళ్ల పేర్లు చదువుతుంటారు, మనం పట్టించుకోం, మన ఊరి పేరు వినపడగానే తల ఎత్తుతాం. ఆ తల ఎత్తడాన్ని టోపీ పట్టుకుంటుంది. డిపోలో జీవితం గడిపిన ఆయన ఈ మాటకు వెంటనే పైకి చూశారు.

ఆ అల ఎత్తు కొన్ని మైక్రోవోల్టులే. కనురెప్ప కొడితే దానికి ఎన్నో రెట్ల సిగ్నల్ వస్తుంది. అందుకే ఒక్కసారి మెరిపిస్తే చాలదు, అదే వరసలను మళ్లీ మళ్లీ మెరిపించి సగటు తీయాలి. ఒక మెరుపుకు 175 మిల్లీసెకన్లు అనుకుంటే, 12 వరసలు ఒక చుట్టు తిరగడానికి 2.1 సెకన్లు. పదిహేను చుట్లు వేస్తే ఒక్క అక్షరానికి అరనిమిషం దాటుతుంది. ఐదు చుట్లతో సరిపెట్టగలిగితే పదిన్నర సెకన్లు.

ఇప్పుడు తెలుగు సమస్య. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు, పది అంకెలు కలిపితే సరిగ్గా 36 గళ్లు నిండుతాయి. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు. వాట్సాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్న కుర్రవాళ్లకైతే నేను ఇంగ్లిష్ గళ్లే పెడతాను, ఏ మార్పూ అక్కర్లేదు. ఈయన్ని అడిగితే కాదన్నారు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మనిషి, ఆయనకు తెలుగు అక్షరాలే కావాలి. దాంతో ఇలా కుదించాం. ఒత్తు పలికే ఖ, ఘ, ఛ లాంటివి తీసేశాం. బోజనం అని వచ్చినా అందరికీ అర్థమవుతుంది. ఆ తప్ప దీర్ఘాలన్నీ తీసేశాం. ఒత్తులు తీసేశాం. మిగిలినవి 22 హల్లులు, ఆరు అచ్చులు, సున్న. ఇంకా ఏడు గళ్లలో ఖాళీ, తుడుపు, అవును, కాదు, నొప్పి, పిలుపు, చాలు. మొత్తం 36. హల్లు తర్వాత అచ్చు ఎంచుకుంటే అది గుణింతంగా మారుతుంది. న, ఇ, ళ, ఉ ఎంచుకుంటే తెర మీద "నిళు" అని పడుతుంది. ఆ ఇంట్లో దాన్ని చదివేవాళ్లకు అవి నీళ్లే. నాలుగు ఎంపికలతో పని అయిపోయింది. అక్షరదోషాలు లేకుండా రాయించాలనే పట్టింపు ఇక్కడ రోగి ఓపికను తినేస్తుంది. తెలుగు చదివేవాళ్లు ఎంత దోషాన్నయినా సర్దుకుని చదవగలరు.

ఆ చిన్న సిగ్నళ్లను పెద్దవి చేసే యాంప్లిఫయరు ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ వాళ్లు అరువిచ్చారు. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికే రకమే. ఫాంటు సరిగా కుదరక వాళ్ల కుర్రాడు అక్షరాలను బొమ్మలుగా చేసి పెట్టాడు. ఎనిమిది ఎలక్ట్రోడ్లు, ఎక్కువ భాగం నడినెత్తి నుంచి తల వెనక భాగం దాకా.

అసలు కష్టాలు ఏ పరిశోధనా పత్రంలోనూ రాయరు. మొదటిది కొబ్బరినూనె. మంచం పట్టిన మనిషికి రోజూ తలకు నూనె రాయడం మన ఇళ్లలో ప్రేమ. ఆ నూనె పొర ఉన్నంతసేపు ఎలక్ట్రోడు చర్మాన్ని అంటదు, తెర మీద చెత్త తప్ప ఇంకేమీ కనపడదు. టోపీ పెట్టే రోజు షాంపూతో తల కడగాలి, జుట్టు పొట్టిగా కత్తిరించాలి. నూనె పూర్తిగా మానేయమని చెప్పలేదు, టోపీ తీశాక రాయమన్నాను. రెండోది సీలింగు ఫ్యాను. గాలికి వైర్లు ఊగితే అలలు పుడతాయి, వైర్లను దిండుకు టేపుతో అంటించాం. మూడోది కరెంటు. 50 హెర్ట్జ్ రొదను ఫిల్టరుతో తీసేయొచ్చు, కానీ కరెంటు పోయి ఇన్వర్టరు మీదకు వెళ్లినప్పుడు రొద తీరే మారిపోయేది. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి, ఎయిర్‌బెడ్ పంపును దూరం జరిపాం. వెంటిలేటర్ జోలికి మాత్రం ఎవరూ పోకూడదు, సిగ్నల్ ఎంత పాడైనా సరే.

నాలుగోది చూపే. ఈ గళ్ల పద్ధతి పూర్తిగా మెదడు మీదే ఆధారపడుతుందని చాలామంది అనుకుంటారు. కావాల్సిన అక్షరం వైపు కళ్లు తిప్పలేకపోతే ఫలితం బాగా పడిపోతుందని 2010లోనే పరిశోధకులు చూపించారు. పొద్దున గళ్లతో పదింటికి తొమ్మిది సరిగ్గా పట్టుకున్న ఆయన, సాయంత్రం సగానికి పడిపోయారు. 70 శాతం కంటే తక్కువైతే దాంతో మాట్లాడటం కుదరదని ఈ రంగంలో అందరూ ఒప్పుకునే లెక్క. అందుకని సాయంత్రానికి వేరే తెర చేశాం. ఆరు వరసలనూ ఆరు గుంపులుగా తీసుకుని, తెర మధ్యలో ఒకే చోట ఒకదాని తర్వాత ఒకటి చూపించాం. కన్ను కదలక్కర్లేదు, రెప్ప సగం వాలినా కనపడుతుంది. ముందు గుంపు, తర్వాత అందులో అక్షరం. నెమ్మది, అక్షరానికి సుమారు అరనిమిషం. కానీ సరిగ్గా వచ్చేవి మళ్లీ పదింటికి ఏడు, ఎనిమిదికి చేరాయి.

మ, డ, మ

ఒక సాయంత్రం ఆయన అవస్థ పడుతున్నారని భార్యకు తెలిసింది, ఎందుకో తెలియలేదు. మామూలుగా వచ్చే అవసరాలను ఒక పట్టికగా రాసి గోడకు పెట్టాం, అందులో ఉన్నవన్నీ అడిగారు. దాహమా, సక్షన్ చేయాలా (కఫం తీయాలా), దురదా, చెమటా, మెడ కింద దిండు సర్దాలా? అన్నిటికీ కాదు. రెప్పలు వాలిపోవడంతో అట్ట చదివినా చూపు సరిగ్గా తెలియట్లేదు. కోడలు టోపీ పెట్టింది. జెల్ వేసి, ఎనిమిది చోట్లా సిగ్నల్ చూసుకుని మొదలుపెట్టడానికే ఇరవై నిమిషాలు పట్టింది. మొదట మ వచ్చింది. తర్వాత డ. అవునా అని అడిగితే కళ్లు కొద్దిగా పైకి లేచాయి. మళ్లీ మ.

మడమ. దుప్పటి ఎత్తి చూస్తే ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కందిపోయి, నొక్కినా ఎరుపు పోవడం లేదు. పుండు పడటానికి ముందు దశ అది. పగిలి ఉంటే, వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఆ ఇన్‌ఫెక్షన్ ఎటు దారితీస్తుందో చెప్పలేం. పిక్క కింద దిండు పెట్టి మడమను గాలిలో ఉంచారు, కొద్దిరోజుల్లో తగ్గింది. మేం రాసిపెట్టిన పట్టికలో మడమ అనే మాట లేదు. ఎంత పెద్ద పట్టిక రాసినా ఏదో ఒకటి ఉండదు. మనిషికి అక్షరాలు ఎందుకివ్వాలో, బొమ్మల పట్టిక ఎందుకు చాలదో ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

టోపీ ఆయనకు రోజంతా పనికొచ్చేది కాదు, ఆ మాట కుటుంబానికి స్పష్టంగా చెప్పాను. పొద్దున కళ్లు, అట్ట. ఐ ట్రాకర్ పనిచేసినంతసేపు ఐ ట్రాకర్. టోపీ సాయంత్రాలకు, అదీ కోడలికి తీరిక ఉన్నప్పుడు. నిజం చెప్పాలంటే ఈ కేసు నిలబడింది ఆ అమ్మాయి మీద. ఎలక్ట్రోడు ఆనడం లేదని తెర చూసి ఆమె చెప్పగలదు, జెల్ ఎంత వేయాలో, ఎప్పుడు ఆపేసి ఆయన్ని పడుకోనివ్వాలో ఆమెకు తెలుసు. ఇంట్లో టోపీ పెట్టే మనిషి ఎవరో తేలకుండా నేను ఇకమీదట ఏ ఇంటికీ దీన్ని సిఫారసు చేయను. పరికరం కొనడానికి డబ్బు పంపే కొడుకు ఉంటే సరిపోదు.

అనుమతి సంగతి. ఈ కేసు రాయవచ్చా అని ఒకరోజు అడిగాను, పైకి చూశారు. వేరే రోజు ప్రశ్న తిప్పి, రాయవద్దంటారా అని అడిగాను, కిటికీ వైపు చూశారు. తర్వాత గళ్ల మీద తానే "రయి" అని రాశారు.

కళ్లు ఇంకా బలహీనపడుతున్నాయి. చూపు కూడా పూర్తిగా ఆగిపోయాక కొత్తగా బీసీఐ నేర్పించడం దాదాపు ఎవరికీ సాధ్యపడలేదని 2008లోనే జర్మన్ పరిశోధకులు రాశారు. అలాంటి స్థితిలో ఉన్న ఒక జర్మన్ రోగి, మెదడులో పెట్టిన ఎలక్ట్రోడ్లతో, చెవికి వినిపించే స్వరం స్థాయిని పెంచుతూ తగ్గిస్తూ నిమిషానికి ఒక అక్షరం చొప్పున రాయగలిగాడని 2022లో వచ్చింది. అంటే దారి లేదని కాదు, కానీ ఆలస్యం చేయకూడదు.

అందుకే ఇప్పుడు కన్ను అక్కర్లేని పద్ధతి మొదలుపెట్టాం. రెండు మణికట్లకు చిన్న వైబ్రేటర్లు కట్టి, ఎడమవైపు ఎక్కువసార్లు, కుడివైపు అరుదుగా, మళ్లీ అటుదిటు మార్చి మోగిస్తాం. అవును అనాలంటే కుడివైపువి లెక్కపెట్టాలి, కాదు అనాలంటే ఎడమవైపువి. టోపీ ఏ జవాబు చెప్పిందో నోట్ చేసుకుని, అదే ప్రశ్న మళ్లీ అడిగి కళ్లు ఏం చెబుతాయో చూస్తాం. రెండూ ఎంతవరకు కలుస్తున్నాయో కోడలు ఒక నోటుపుస్తకంలో తేదీలవారీగా రాస్తోంది. ఇప్పటికి సగం కంటే కాస్త మెరుగు, ఇంకా నమ్మకంగా వాడే స్థాయికి రాలేదు. కళ్లతో సరిచూసుకునే వీలు ఉన్నన్నాళ్లలోనే ఇది కుదరాలి. కాబట్టి వారంలో చేసే సాధన పెంచమని ఆయన్నే అడిగాను. ఒప్పుకున్నారు, పొద్దున పూటే చేద్దామన్నారు.